వరంగల్ గుర్తుపట్టిన బండి

వరంగల్ వెళ్లొచ్చామని తెలిసి మా స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు: కోట చూశారా, వేయి స్తంభాల గుడి చూశారా అని. కోట రాతి తోరణాన్ని దూరం నుంచి, ఒక మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని చూశాను. గుడికి వెళ్లనే లేదు. మేం ఆ ఊరిని చూసింది తక్కువ. ఆ ఊరే మా బండిని చూసింది. అటువైపు వెళ్లని వాళ్లకి ఇది చెబితే నమ్ముతారో లేదో గాని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను తణుకులో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన ప్రసాద్ రైస్ మిల్లులో ఆపరేటరు. మిల్లు ఇనుప మెట్ల మీంచి జారిపడి వెన్నెముకకి ఆపరేషన్ అయింది. కాళ్లలో సత్తువ మెల్లగా వస్తుంది, వ్యాయామం మాత్రం మానకూడదన్నారు డాక్టరు. ఆ వ్యాయామం చేయించే చోటు రాజమండ్రిలో. ఆయన్ని పడుకోబెట్టి తీసుకెళ్లడానికి వీలుంటుందని విజయవాడలో ఒక పాత ఎస్‌యూవీ కొన్నాం. వెనక సీట్లు తీసేసి ఉండటంతో పరుపు వేస్తే మంచమంత చోటు. బండి నడపడం నేనే నేర్చుకున్నాను.

అన్నీ బాగున్నాయి, కుదుపు తప్ప. మా పిన్నిగారి అబ్బాయికి అదే బండి ఉంది, పడవలా పోతుంది. మాది చిన్న గుంత తగిలినా వెనక నుంచి ఎగరేసి కొట్టేది. ఆయన పళ్లు బిగబట్టి ఊరుకునేవారు. చివరికి ఒకరోజు, "నేనిక రాజమండ్రి రాను శారదా. కాళ్లు రాకపోతే పోనీ," అన్నారు. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. కోపంగా అంటే బాగుండేది. టీ వద్దన్నంత మామూలుగా అన్నారు.

ఏలూరులో మెకానిక్ కిందకి దూరి చూసి, వెనక స్ప్రింగులు కంపెనీవి కావన్నాడు. ఆ కంపెనీయే తర్వాత వచ్చిన మోడల్‌కి మెత్తటి స్ప్రింగులు, కొత్త రకం షాకప్స్ వేస్తోందట. అవి మా పాతదానికీ సరిపోతాయట. కంపెనీ సామాను తెప్పించి ఈ మార్పు చేసే చెయ్యి తిరిగిన మనిషి వరంగల్‌లో ఉన్నాడని, పేరు మొగిలి అని, ఫోన్ నంబరు ఇచ్చాడు. మొగిలి ఫోన్‌లో, "సార్ను గూడ తీస్కరాండ్రి టీచరమ్మా. పండుకునే మనిషి బరువు మీదనే సెట్ చెయ్యాలె," అన్నాడు.

అలా బయల్దేరాం.

ఖమ్మం దాటాక

మొదటి రోజు ఖమ్మంలో ఆగిపోయాం. అక్కడి దాకా చెప్పుకోదగ్గది ఏమీ లేదు, సత్తుపల్లి దగ్గర తిన్న ఇడ్లీలో అల్లం చట్నీ మనకంటే తియ్యగా లేదన్నది తప్ప. మా గోదావరి వాళ్లకి అల్లం చట్నీలో బెల్లం లేకపోతే ఎవరి మీదో అలిగి చేసినట్టుంటుంది.

మర్నాడు పొద్దున్నే తొర్రూరు మీదుగా వరంగల్ దారి పట్టాం. రెండు వైపులా పత్తి చేలు, మధ్యమధ్యలో తాటిచెట్లు. తొర్రూరు దాటాక ఎదురుగా మోపెడ్ మీద ఒక గీత కార్మికుడు వస్తున్నాడు, నడుముకి మోకు, పక్కన కల్లు కుండ. మా బండిని చూడగానే మోపెడ్ పక్కకి ఆపాడు. దిగాడు. తల మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, మేం దాటిపోయేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

ఎంత మర్యాద ఈ మనుషులకి, అనుకున్నాను.

ఇంకాస్త ముందుకి వెళ్లాక పత్తి ఏరుతున్న ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె మమ్మల్ని చూసి ఏదో అంది. అందరూ నడుములు ఎత్తి ఇటు తిరిగారు. నవ్వుతారేమో, చెయ్యి ఊపుదామని అద్దం దించాను. ఎవరూ నవ్వలేదు. ఒకామె చేతిలోని పత్తిని నోటికి అడ్డం పెట్టుకుంది.

వర్ధన్నపేటలో టీ

వర్ధన్నపేట శివార్లలో ఒక టీ బండి దగ్గర ఆగాను. ఆయన కునుకు తీస్తున్నారు. దుప్పటి మెడ దాకా కప్పి, తలుపు మెల్లగా వేసి దిగాను. టీ కాచే ఆమె పెద్ద వయసు మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. నన్ను చూడలేదు. బండి పైనున్న నీలం రంగు ఇనుప క్యారియర్‌ని చూస్తోంది. ఆ క్యారియర్ ఏ కంపెనీదీ కాదు, ఎవరో వెల్డింగ్ చేయించుకున్నది. తీర్థయాత్రలకి తిప్పిన బండి అని మాకు అమ్మినాయన చెప్పాడు. సామాన్లు కట్టడానికి కాబోలు అనుకున్నాం.

"లోపట ఎవలు బిడ్డా?" అని అడిగింది.

"మా ఆయనండీ."

"నీ పెన్మిటా! అయ్యో తల్లీ. వయసెంత?"

"నలభై ఎనిమిదండీ."

"ఎట్లయింది?"

"మిల్లులో మెట్ల మీంచి పడిపోయారు."

"పడి పోయిండా," అని ఆమె కళ్లు తుడుచుకుంది. "ఎవ్వలు లేరా నీ ఎంబడి? ఒక్కదానివే తోలుకపోతున్నవా?"

"అలవాటైపోయిందండీ."

ఆమె నా మొహంలోకి చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"గిప్పుడు యాడికి?"

"హన్మకొండ. మాది తణుకు. ఇక్కడైతే బాగా చేస్తారని చెబితే తీసుకొచ్చాను."

టీ గ్లాసు నా చేతిలో పెట్టింది. టీ బాగుంది, చిక్కగా, యాలకులు దంచి వేసింది. డబ్బులివ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "గిసొంటప్పుడు పైసలు తీస్కుంటరా బిడ్డా. పో, పొద్దు గుంకక ముందే కానియ్యి."

నేను బండి కదిలించాక అద్దంలో చూస్తే, ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి, మా బండి ఆగిన చోట రోడ్డు మీద చల్లుతోంది.

తెలుగు టీచర్ని కదా, దారంతా ఆ మాటలే తిప్పి తిప్పి చూసుకున్నాను. 'పడిపోయారు' అంటే మనకి పడటమే. ఆమె దాన్ని రెండు ముక్కలు చేసి వింది. పడి, పోయిండు. వరంగల్ ఇంకా కొద్ది దూరం ఉందనగా, ఎండ మండిపోతుండగా, స్టీరింగ్ మీద నా చేతులు చల్లబడ్డాయి. ఏసీ ఆపేశాను. అయినా తగ్గలేదు.

హన్మకొండ లాడ్జి

ఊళ్లోకి వచ్చాక ఇంకా తేటగా కనిపించింది. చౌరస్తాలో అటు పోయే ఆటోలూ ఇటు పోయే బస్సులూ హారన్లు కొట్టుకుంటున్నాయి. మమ్మల్ని చూసి ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డంపెట్టి అందర్నీ ఆపేశాడు, మాకొక్కరికే దారిచ్చాడు. హారన్లు ఆగిపోయాయి. పెద్ద కూడలి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. బైకుల మీది కుర్రాళ్లు గుండెల మీద చెయ్యి వేసుకుంటున్నారు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పెదవులు కదిలిస్తూ రెండు అరచేతులూ పైకెత్తాడు.

వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. "శారదా, ఎవరో కిటికీలోంచి తొంగి చూసి నాకు దండం పెట్టారే."

"మీక్కాదు లెండి. పక్కన గుడి ఉంది," అన్నాను. పక్కన ఉన్నది ఎరువుల కొట్టు.

ఫోన్‌లో మాట్లాడి పెట్టుకున్న లాడ్జి గేటు దగ్గర వాచ్‌మన్ బండికి అడ్డం నిలబడ్డాడు. "గీ బండి లోపటికి రావద్దమ్మా. బయట గోడ పొంటి పెట్టుండ్రి."

"లోపల ఖాళీ ఉంది కదా?"

"ఉన్నది. గని వద్దు. కస్టమర్లు ఉంటరు." గొంతు తగ్గించి, "ముందుగాల పెద్ద దవాఖాన దిక్కు పోవాల్నేమో, తొవ్వ తప్పినట్టున్నరు," అన్నాడు.

వెనక తలుపు తీసి ఆయన చంకల కింద చేతులు వేసి లేపాను. ఆయన చేతి కర్ర నేలకి ఆనించి, "ఏంటయ్యా, రూము ఎన్నో అంతస్తు?" అని అడిగారు. వాచ్‌మన్ ఒక్క అడుగు కాదు, గేటు అవతలి దాకా వెనక్కి నడిచాడు. అప్పుడు కూడా నాకు నవ్వు రాలేదు. నవ్వొచ్చి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం కింద హోటల్ నుంచి సర్వపిండి తెప్పించుకున్నాం. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున తట్టి కాలుస్తారు, కరకరలాడుతుంది. మన తపాలా చెక్కకి అక్కగారు. నలభై రూపాయలకి మనిషి కడుపు నిండుతుంది. ఆయన చిన్న ముక్క తుంపి పెట్టేసి, కిటికీలోంచి గోడ పక్కనున్న బండినే చూస్తూ కూర్చున్నారు. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లు దాని దగ్గరికి రాగానే రోడ్డు మీదికి దిగి, చుట్టు తిరిగి పోతున్నారు.

కోట దారిలో షెడ్డు

మర్నాడు పొద్దున మొగిలి షెడ్డుకి వెళ్లాం. ఖిలా వరంగల్ వెళ్లే దారిలో, పాత మట్టికోట కట్టని ఆనుకుని ఉంది. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, ఖాకీ చొక్కా. బండి గేటులోకి రావడం చూసి చేతిలో పానా బల్ల మీద పెట్టాడు. దగ్గరికి వచ్చి వెనక తలుపు మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు.

"గిది మల్ల వస్తదనుకోలే," అన్నాడు. నాతో కాదు.

తర్వాత నావైపు తిరిగి, "సార్ను ముందుగాల దింపుదాం. తర్వాత ముచ్చట," అన్నాడు.

ఆయన్ని షెడ్డు నీడలో నులకమంచం మీద పడుకోబెట్టి, నన్ను పక్కకి తీసుకెళ్లాడు. కొత్త సామాను కంపెనీ అట్టపెట్టెల్లో ఉంది. స్ప్రింగులు, షాకప్స్, రబ్బరు బుష్‌లు అన్నీ విప్పి చూపించాడు. ఆ పని అయ్యాకే అసలు సంగతి చెప్పాడు.

"గీ బండి యాకూబన్నది. పీనుగులను మోశేటోడు."

నాకు ముందే తెలిసినట్టే అనిపించింది. అయినా కూర్చోవాల్సి వచ్చింది.

పెద్దాసుపత్రిలో పోయినవాళ్లని చుట్టుపక్కల ఊళ్లకి చేర్చే మనిషట యాకూబ్. లేనివాళ్ల దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదట. కరోనా అప్పుడు సొంతవాళ్లే దగ్గరికి రాని శవాలని కూడా తనొక్కడే ఎత్తి, హిందువులైతే కాటికి, సాయిబులైతే ఖబరస్తాన్‌కి చేర్చాడట. ఈ జిల్లాలో ఈ నీలం క్యారియర్ తెలియని ఊరు లేదట. పాడె కట్టే వెదుళ్లు దాని మీద కట్టేవాడట.

"పోయిన యేడు ఆయినకే గుండె ఆగిపోయింది. గీ బండిలనే తీస్కపోయినం. నేనే తోలిన. దినాలు అయినంక వాళ్ల ఇంటామె అమ్ముకున్నది. గిప్పుడు రోడ్డు మీద కనవడెవరకు జనం యాకూబన్న బండి మల్ల నడుస్తున్నదనుకున్నట్టున్నరు."

"మరి ఆ స్ప్రింగులు?"

"లోడు స్ప్రింగులమ్మా, మేమే ఏసినం. శవాలను పెట్టే ఫ్రీజర్ డబ్బా ఉంటది, దాంట్ల మనిషి, చుట్టూర ఇంటోళ్లు. కంపెనీ స్ప్రింగు కూసుంటుండె."

"ఇంత కుదుపుతో ఎలా తీసుకెళ్లేవారు?"

మొగిలి నా మొహం చూడలేదు. "లోపటున్నోనికి తెల్వది. పక్కన ఏడ్శెటోళ్లకు సోయి ఉండదు. కుదుపుతున్నదని గీ బండ్లె ఎవ్వలు అన్లే టీచరమ్మా. మొదలు అన్నది మీ సారే."

పని మొదలుపెట్టబోతూ బండి చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్లి వంగి చూసి, మళ్లీ ముందుకి వచ్చి చూశాడు. "లోపల ఏమన్న బరువు పెట్టిండ్రా?"

"పరుపు ఒక్కటే. అదీ దింపేశాం కదా."

"ఖాళీ బండికి లోడు స్ప్రింగులుంటే ఎనక లేచి ఉండాలె. గిది సమంగ నిలవడ్డది. నిండ మనుషులున్నట్టు." స్ప్రింగులు కుంగిపోయాయేమో అనుకున్నాడు. విప్పి తీశాక వాటిని నేల మీద నిలబెట్టాడు. ఏమీ కుంగలేదు, కొత్తవాటిలాగే నిటారుగా ఉన్నాయి. మొగిలి వాటిని కాసేపు చూసి, గోనెసంచి కప్పేశాడు. ఆ తర్వాత షెడ్డులో రేడియో పెట్టి, పని అయ్యేదాకా ఆపలేదు.

నేను బల్ల మీద కూర్చున్నాను. దూరంగా రాతి తోరణం కనిపిస్తోంది. చుట్టూ గోడ లేకుండా, గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. దానిలోంచి ఎవరు ఎటు దాటినా లోపలికో బయటికో చెప్పలేం. బండి సంగతి ఆయనకి చెప్పాలా వద్దా? చెబితే ఆ పరుపు మీద మళ్లీ పడుకుంటారా? పడుకోకపోతే రాజమండ్రి లేదు, కాళ్లు లేవు. చెప్పకూడదని గట్టిగా నిర్ణయించుకుని మంచం దగ్గరికి వెళ్లాను.

"చెప్పాడా?" అన్నారాయన.

"ఏంటి?"

"శవాల బండి అని."

ఆయన తల కింద తువ్వాలు సర్దడం మొదలుపెట్టాను.

"దండం పెట్టేవాళ్ల మొహాలు నువ్వు పక్కనుంచి చూశావు. నేను కిందనుంచి చూశాను శారదా. ఆ చూపు బతికున్నవాడి మీదికి రాదు." ఆయన మంచం పట్టె మీద వేలితో గీస్తూ ఉన్నారు. "ఆ బండిలో పడుకున్నవాళ్లలో అది చూసింది నేనొక్కణ్ణేమో."

"ఇంకో బండి కొందాం. దీన్ని అమ్మేద్దాం," అన్నాను.

"ముందు స్ప్రింగులు బిగించనీ. చూద్దాం."

కాశిబుగ్గ

మర్నాడు పొద్దున బండి సిద్ధమైంది. ఆయన్ని పడుకోబెట్టి నడిపి చూడాలి. మొగిలి స్టీరింగ్ పట్టాడు, నేను పక్కన కూర్చున్నాను. ఊళ్లోనే కాశిబుగ్గ అనే నేతగాళ్ల పేటలో డ్రైనేజీ కోసం తవ్వి వదిలేసిన సందులున్నాయి, అక్కడ కుదుపు తెలియకపోతే ఇంకెక్కడా తెలియదన్నాడు.

మగ్గాలు మోగే ఇళ్లు అవి. సందు మొదట్లోకి రాగానే రెండు పక్కలా టకటకమని చప్పుడు. తవ్విన గుంతలోకి ముందు చక్రం దిగింది, తర్వాత వెనక చక్రం. నేను అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. బండి ఊపిరి తీసి వదిలినట్టు కిందకి వెళ్లి పైకి వచ్చింది.

"ఎట్లున్నది సార్?" అని మొగిలి అడిగాడు.

"ఇంకోసారి దించు," అన్నారాయన. ఆ గొంతులో ఉత్సాహం విని ఎన్నాళ్లయిందో.

అప్పుడు గమనించాను. చప్పుడు తగ్గుతోంది. మేం దాటిన ఇంట్లో మగ్గం ఆగుతోంది. ఆ తర్వాతది ఆగుతోంది. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, దీపాలు ఆర్పుకుంటూ వస్తున్నట్టు, మా వెనకే నిశ్శబ్దం నడిచి వస్తోంది.

"శవం పోతుంటే మగ్గం ఆపుతరు," అన్నాడు మొగిలి, గొంతు తగ్గించి. "బండి మలుపనీకి జాగ లేదు. గీ సందు దాటాలె."

దాటలేకపోయాం. ఒక ఇంట్లోంచి ఒకామె బయటికి వచ్చి బండి ముందు నిలబడింది. అరవై ఏళ్లుంటాయి. చేతిలో మడత పెట్టిన తెల్లబట్ట. మొగిలి దిగి, "కొమురమ్మక్కా, గిది యాకూబన్న బండి కాదిప్పుడు. వీళ్లు వేరే..." అంటున్నాడు. ఆమె ఆగలేదు. వెనక్కి వచ్చి తలుపు తీసింది.

నేను పరుగెత్తుకెళ్లాను. ఆయన పడుకుని ఆమెనే చూస్తున్నారు. ఆమె కేక పెడుతుందనుకున్నాను. పెట్టలేదు.

"బతికున్నవని ఎరికే అన్నా," అంది. "మొన్న చౌరస్తల చూసినోళ్లు, లాడ్జి కాడోళ్లు చెప్పిండ్రు, లేశి నడిశిండని. బండి మొగిలి కాడికి వచ్చిందన్నరు. గందుకే చూస్తున్న."

మొగిలి నా పక్కకి వచ్చి చెప్పాడు. ఆమె మగడు సత్తయ్య కరోనాలో పోయాడు. అప్పుడామె కూడా అదే ఆసుపత్రిలో వేరే వార్డులో ఉంది. యాకూబ్ శవాన్ని తెచ్చి ఈ సందు చివర బండి ఆపి, మగ్గాలన్నీ ఆగేదాకా ఉండి, కాటికి తీసుకెళ్లిపోయాడు. ఆమె ఇంటికి వచ్చేసరికి బూడిద కూడా లేదు.

"ఒక్క బట్ట కప్పలే అన్నా," అంది కొమురమ్మ. "నలభై ఏండ్లు ఊరందరికి బట్ట నేసిన మనిషి. ప్లాస్టిక్ సంచిల పోయిండు. గిది నేను నేసిన. గీ బండి మల్ల రాదనుకున్న. జర కండ్లు మూసుకోరాదె. ఒక్క నిమిషం."

వద్దని అరవాలని ఉంది నాకు. ఆయన నావైపు చూశారు. ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి చూపు, అయినా ఆ క్షణం దానిలో ఏముందో నాకు అందలేదు. తర్వాత చేతులు రెండూ పక్కకి చాపుకుని కళ్లు మూసుకున్నారు.

ఆమె పాదాల దగ్గర మొదలుపెట్టింది. మోకాళ్లు, నడుము, గుండెలు. మెడ దగ్గర కాస్త ఆగి, మొహం మీదికి కూడా లాగింది. బట్ట ముక్కు దగ్గర పైకి లేచి పడటం చూస్తూ నిలబడ్డాను. ఆమె ఏడవలేదు. అన్నం వడ్డిస్తూ మాట్లాడినట్టు మాట్లాడింది.

"పెద్దోని పెండ్లి చేసిన. పిల్ల మంచిది. నీ మగ్గం అమ్మలే, చిన్నోడు నేస్తుండు. పక్కింటోళ్లతోటి గోడ పంచాది తెగింది. నువ్వు అన్నట్టే అయింది. నాకు దగ్గు తగ్గింది. నా గురించి ఫికర్ చెయ్యకు."

ఏ మాట దగ్గరో తెలియదు, ఆ బట్ట కదలడం ఆగిపోయింది.

ఆయన ఊపిరి బిగబట్టారు అనుకున్నాను. ఆమె మాట్లాడుతూనే ఉంది. సందులో ఒక్క మగ్గం చప్పుడు లేదు. గుమ్మాల్లో మనుషులు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. బట్ట కదలలేదు. ముక్కు దగ్గర గుంట పడి, అక్కడే ఉండిపోయింది. మొగిలి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏవండీ," అన్నాను. "ఏవండీ!"

కొమురమ్మ మాట్లాడటం ఆపింది. వంగి, బట్టని తల వైపు నుంచి మెల్లగా తీసింది. ఆయన మొహం పాలిపోయి, పెదవులు తెల్లగా, నాకు తెలియని మనిషి మొహంలా ఉంది.

"ఇగ లే అన్నా," అంది ఆమె. "అయిపోయింది. లెవ్వు."

ఆయన ఒక్కసారి గట్టిగా గాలి పీల్చారు. నీటిలోంచి పైకి వచ్చిన మనిషి పీల్చినట్టు. కళ్లు తెరిచారు. కాసేపు మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. కొమురమ్మ చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నారు. నేను పట్టుకోకుండా ఆయన లేవడం ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి. ఎక్కడో సందు చివర ఒక మగ్గం మొదలైంది, తర్వాత ఇంకొకటి.

ఆమె ఇంట్లోకి రమ్మంది. గుమ్మం దగ్గర బిందె పెట్టి ఇద్దరి చేతా కాళ్లు కడిగించింది. ఆయన తల మీద మాత్రం మూడు చుక్కలు చల్లింది. కాటి నుంచి వచ్చిన వాళ్లకి మా ఊళ్లోనూ అంతే చేస్తాం. కాటికి తీసుకెళ్లిన మనిషికే అలా చల్లడం మాత్రం ఎక్కడా చూడలేదు. జొన్నరొట్టె, పచ్చి చింతకాయ తొక్కు పెట్టింది. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తింటుంటే, ఆమె ఎదురుగా గోడకి ఆనుకుని చూస్తూ ఉంది. "ఇంకోటి తిను అన్నా," అంది. ఆయన ఇంకోటి తిన్నారు. ఊపిరి ఎందుకంత సేపు బిగబట్టారని అక్కడ అడగలేకపోయాను. ఆ తెల్లబట్టని ఆమె ఇంట్లోకి తీసుకురాలేదు. వాగులో కలిపేస్తానని మొగిలితో చెప్పింది.

తిరుగు దారి

మధ్యాహ్నం వరంగల్ నుంచి బయల్దేరాం. పైన నీలం క్యారియర్ విప్పేస్తానని మొగిలి అన్నాడు. ఆయన వద్దన్నారు. "జనం దండం పెట్టేది యాకూబ్‌కి. ఈ జిల్లా దాటేదాకా ఉండనీ," అన్నారు. దారిలో మళ్లీ తలలు వంగాయి, చేతులు దండాలకి లేచాయి. ఈసారి వెనక నుంచి ఆయన అద్దం దించి, తిరిగి దండం పెట్టడం విన్నాను. విన్నాను అనే రాస్తున్నాను. రోడ్డు పక్కన ఎవరో, "ఓర్నాయనో" అని కెవ్వుమన్నారు.

ఖమ్మం దగ్గర మున్నేరు వంతెన దాటుతుండగా, "కుదుపు ఎలా ఉంది?" అని అడిగాను.

"లేదు. అసలు లేదు." వెనక అద్దం ఎత్తిన చప్పుడు. "ఊపిరి నేను బిగబట్టలేదు శారదా."

నేను బ్రేకు మీద కాలు వేశాను గాని తొక్కలేదు.

"మరి?"

"తెలీదు. ఆమె మాట్లాడుతోంది. వినాలనిపించింది. నేను కాదు, నా పక్కన ఎవరో వింటున్నట్టు అనిపించింది. వాళ్లకి అడ్డం రాకూడదని కదలకుండా ఉన్నాను. అంతే గుర్తుంది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "భయపడతావని నీకు చెప్పలేదు. ఈ బండి కొన్న దగ్గర్నుంచీ వెనక ఇరుగ్గానే ఉండేది. పడుకోగానే ఎవరో సర్దుకుని చోటిచ్చినట్టు."

వంతెన దాటాం. రెండు లారీలు ఎదురొచ్చి వెళ్లాయి.

"ఇప్పుడు?" అన్నాను.

"ఒకళ్లు దిగారు. ఒక్కళ్లే." ఆ తర్వాత, "బండి పక్కకి ఆపు. నేను ముందుకొచ్చి కూర్చుంటాను," అన్నారు.

ఆపాను. ఆయన కర్ర ఊతంగా దిగి, బండిని పట్టుకుంటూ ముందు తలుపు దాకా నడిచి వచ్చి, నా పక్క సీట్లో కూర్చున్నారు. నడుముకి దిండు సర్దాను. నొప్పి ఉందా అంటే ఉందన్నారు. వెనక్కి వెళ్తారా అంటే వద్దన్నారు. ఇప్పుడు వారం వారం రాజమండ్రి అలాగే వెళ్తున్నాం, ముందు సీట్లో ఇద్దరం. ఆ రోజు సత్తుపల్లి, అశ్వారావుపేట, తణుకు దాకా బండి మెత్తగా పోతూనే ఉంది. వెనక అద్దంలోకి ఇల్లు చేరేదాకా ఇద్దరం చూడలేదు.